హబీబుల్లా ప్యాడ్లు

ఢిల్లీ ఏషియాడ్ హాకీ ఫైనల్లో మనవాళ్ళ మీద పాకిస్తాన్ ఏడు గోల్స్ కొట్టిన రోజు మా పద్నాలుగో నంబరు గదిలో ఎవరికీ అన్నం సహించలేదు, ఒక్క హన్మాండ్లుకు తప్ప. ఆయన రెండుసార్లు పెట్టుకుని తిన్నాడు. ఆ పూట వండింది కూడా ఆయనే.

అది ఎనభై రెండు డిసెంబరు. దుబాయ్‌కు అవతల ఎడారిలో ఉన్న మా మఫ్రఖ్ లేబర్ క్యాంపులో అప్పుడప్పుడే చలి మొదలైంది. ఎనిమిది మంచాల గది, మధ్యలో రేడియో, దాని చుట్టూ మేము. వార్తల్లో స్కోరు రెండోసారి చెప్పేసరికి మాణిక్యం లేచి రేడియో కట్టేశాడు. అతను మా కంపెనీ హాకీ టీముకు సెంటర్ ఫార్వర్డ్. సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో స్టిక్కు పట్టుకునే పుట్టానని చెప్పుకుంటాడు. ఇక్కడ ఏసీ మెకానిక్కు.

"ఫుల్‌బ్యాకులు లేకనే ఈ గతి," అన్నాడు. "ఫార్వర్డ్ ఎంత కొడితే ఏం ఫాయిదా, ఎనక గేటు బార్లా తెరిసిపెడితే? అసలు సిసలు ఫుల్‌బ్యాక్ అంటే తరానికొక్కడు పుడ్తడు. మన తరానికి పుట్టలే. ఖలాస్."

నాకు ఒళ్ళు మండింది. "పుట్టిండు. గా మూలకు కూసోని గిన్నెలు తోముతుండు," అన్నాను.

అందరూ నవ్వారు. గిన్నెల దగ్గర మా టీము ఫుల్‌బ్యాక్ హన్మాండ్లు కూడా నవ్వాడు. నేను నవ్వడానికి అనలేదు.

మా గదిలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. శుక్రవారం మ్యాచిలో గోల్ కొట్టినవాడికి ఆ వారం వంట వంతు ఉండదు. కోడికూరలో పెద్దముక్క కూడా వాడిదే. వాడి వంతు మిగతావాళ్ళు చెయ్యాలి. మాణిక్యం ఆ సీజన్లో పొయ్యి ముట్టలేదు. ఫుల్‌బ్యాక్ గోల్ కొట్టడు కాబట్టి హన్మాండ్లు తన వంతూ వండేవాడు, మాణిక్యం వంతూ వండేవాడు. వంకాయ కూర బాగా చేస్తాడని దానికి ఒక మెచ్చుకోలు. కొట్టినవాడికి ముక్క, ఆపినవాడికి అంట్లు. ఇదెక్కడి న్యాయమని నేను రెండుసార్లు అడిగాను. గోల్ కొట్టి చూపించమన్నారు.

నా పేరు రాజలింగం. మాది జగిత్యాల పక్క. కంపెనీలో టైమ్‌కీపర్ని, టీముకు స్కోరర్ని. ఏడో క్లాసు నుంచీ సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు పెట్టుకున్నవాణ్ణి కాబట్టి ఆడే యోగం లేదు, చూసే యోగం ఉంది. చూశాను గనుకనే చెబుతున్నాను.

మా గ్రౌండు ఇసుక. ఇసుక మీద బంతి పరుగెత్తదు కదా, అందుకని గ్యారేజీలో పారబోసే పాత ఇంజనాయిలు తెచ్చి చల్లి, రోడ్డురోలరుతో తొక్కించేవాళ్ళు. నల్లగా, గట్టిగా అయ్యేది. పది నిమిషాల్లో తెల్లబంతి నల్లగా మారిపోయేది. ఆ నల్లనేల మీద హన్మాండ్లు పరుగెత్తడం నేను చాలా తక్కువగా చూశాను. నడిచేవాడు. రెండడుగులు ఎడమకు, ఒకడుగు వెనక్కి. అవతలి ఫార్వర్డ్ బంతి తీసుకుని ఈదురుగాలిలా వచ్చేవాడు, తీరా చూస్తే తను పోవాలనుకున్న చోట హన్మాండ్లు ముందే నిలబడి ఉండేవాడు. టక్ మని ఒక చప్పుడు. బంతి ఆయన స్టిక్కు దగ్గర ఉండేది. కిందపడేవాడు లేడు, కాలు విరిగేవాడు లేడు. ఏమీ జరగనట్టే ఉండేది. ఆ ఏమీ జరగకపోవడమే ఆయన పని అని ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆయన షట్టరింగ్ కార్పెంటరు. బోధన్ దగ్గర పల్లె. చిన్నప్పుడు చక్కెర ఫ్యాక్టరీ గ్రౌండులో కంకర మీద నేర్చుకున్న ఆట. ముప్పై నాలుగేళ్ళు. ఒకసారి స్టిక్కుకు గుడ్డపట్టీ చుట్టుకుంటూ నాతో అన్నాడు:

"లింగన్నా, బాల్ గడ్డి మీద ఎట్ల వస్తదో?"

"ఎన్నడు ఆడలేదా గడ్డి మీద?"

"కంకర మీద ఆడిన, మట్టి మీద ఆడిన, ఈడ ఇంజనాయిల్ మీద ఆడుతున్న. గడ్డి మీద ఒక్కపారి ఆడి ఇడిసిపెడ్త."

ఆ మాటన్న వారానికే ఆఫీసు గోడ మీద లిస్టు అంటించారు. మార్చిలో సైటు పని పూర్తవుతుంది, కార్పెంటర్లందరూ ఇంటికి. పదకొండో పేరు హన్మాండ్లుది. లిస్టు టైపు చేసింది నేనే. ఆ పేరూ నా వేళ్ళే కొట్టాయి.

జనవరి మొదటి శుక్రవారం బర్ దుబాయ్ నుంచి వెంకట్రాములు సారు వచ్చారు. ఒకప్పుడు రైల్వే టీముకు ఆడిన మనిషి. ఇప్పుడు ఒక పెద్ద క్లబ్బుకు ఆటగాళ్ళను ఏరిపెడతారు. ఆ క్లబ్బుకు పచ్చటి గడ్డి గ్రౌండుందని క్యాంపంతా తెలుసు. ఎంపికైనవాడికి స్టోర్సులో ఉద్యోగం, క్లబ్బు పేరు మీద వీసా. ఫార్వర్డ్‌లు తమకు నిండుగా ఉన్నారనీ, వెనక కాచేవాడు ఒక్కడే కావాలనీ ఆయన కబురు పెట్టినప్పటి నుంచి నేను రోజులు లెక్కపెడుతున్నాను. ఈ మాట హన్మాండ్లు కోసమే పుట్టిందనుకున్నాను.

మ్యాచి చూశాక సారు ఆఫీసు గదిలో కూర్చుని స్కోరు షీట్లు అడిగారు. పదకొండు మ్యాచులవి ఇచ్చి, హన్మాండ్లు పేరు చెప్పాను. చూపుడువేలు తడిచేసుకుంటూ తిప్పారు.

"ఏడయ్యా మీ హన్మాండ్లు? ఒక్క కాగితంల పేరు లేదు."

"ఫుల్‌బ్యాక్ సార్. గోల్స్ కొట్టడు. షీటుల గోల్స్ కొట్టినోళ్ళ పేర్లు, తప్పు జేసినోళ్ళ పేర్లే ఉంటయి. ఆయన తప్పు సుత జెయ్యడు."

"మరి ఏం జేస్తడు?"

"ఆపుతడు సార్."

"ఎవరిని?" సారు కళ్ళజోడు మీద నుంచి చూశారు. "ప్లంబర్లను, పెయింటర్లను ఆపుతడు. ఇయ్యాల నేను చూసిన. నిలవడ్డడు, నడిసిండు. మామూలుగున్నడు. చూడు బిడ్డా, మామూలు ఆటగాడు నాకు దుబాయ్ల గల్లీకి పదిమంది దొరుకుతరు. క్లబ్బు నడిపే ముదీర్ అడిగేది ఒక్కటే మాట, తరానికొక్కడు అనదగ్గ మనిషేనా అని. మా కాలంల చూసిన నేను ఫుల్‌బ్యాకులను. ఒక్కొక్కడు బాల్ కొడితే అవతలి గోల్‌పోస్టు అదిరేది. జనం లేచి నిలవడేది. ఈయన ఆటకు ఒక్కడన్న లేచి నిలవడ్డడా?"

లేవలేదు. ఆ మాట నిజమే. జనాన్ని లేవనివ్వకుండా డెబ్బై నిమిషాలు కూర్చోబెట్టినవాడు గొప్పవాడు కాదట, పోనిచ్చి వెంటబడి కొట్టి ఆపినవాడు గొప్పవాడట. నోటిదాకా వచ్చింది. పెద్దమనిషి ముందు మింగేశాను.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఆ ఉపాయమే కొంప ముంచింది.

మా గోల్‌కీపర్ హబీబుల్లాది నిజామాబాదు. ఇటుకల ప్లాంటులో పని. శుభ్రమంటే ప్రాణం. సీజను మొదట్లో ప్యాడ్లకు తెల్లరంగు పూసుకున్నాడు. బంతికి నల్ల ఆయిలు అంటుతుంది కాబట్టి ప్యాడుకు తగిలిన ప్రతి బంతీ గుండ్రటి మచ్చ వేస్తుంది. వేరే టీముల కీపర్లు వారం వారం రంగు పూసుకునేవాళ్ళు. హబీబుల్లా అక్టోబరులో పూసిన రంగు డబ్బా మళ్ళీ తెరవలేదు. నేను పరుగున వెళ్ళి ఆ ప్యాడ్లు తెచ్చి సారు బల్ల మీద పెట్టాను.

"చూడుండ్రి సార్. పదకొండు మ్యాచులు. మూడే మచ్చలు. నా షీటుల లేనిది దీనిల ఉంది."

సారు ప్యాడ్లను అటూ ఇటూ తిప్పి చూశారు. మొదటిసారి ఆయన ముఖంలో ఆసక్తి కనిపించింది. "పదకొండు మ్యాచుల మూడేనా?"

"మూడే సార్."

"ఈ గోల్‌కీపర్ ఎవరు? పిలువు."

నాకు అర్థమయ్యేసరికి అంతా అయిపోయింది. హబీబుల్లా వచ్చి, విషయం విని బిత్తరపోయాడు. "సాబ్, నేనేం జెయ్యలే. నా దాంక బాలే రాలే," అన్నాడు. సారుకు ఆ వినయం ఇంకా నచ్చింది. గొప్పవాళ్ళు ఇట్లాగే మాట్లాడతారని భుజం తట్టి, ఉన్న ఒక్క వీసా అతనికే ఖాయం చేశారు.

ఆ సాయంత్రం హబీబుల్లా మా గదికొచ్చి హన్మాండ్లు మంచం మీద తలవంచుకుని కూర్చున్నాడు. సిమెంటు దుమ్ముకు అతనికి ఏడాదిగా దగ్గు. అందరికీ తెలుసు.

"భాయ్, ఇది నీది. నాకు ఎర్కే," అన్నాడు.

"పో మియా," అన్నాడు హన్మాండ్లు. "ఆడ దుమ్ముండదు. గడ్డి ఉంటది. పోయి నిలవడు."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. హబీబుల్లా మీద కోపం రాలేదు. సారు మీద వచ్చింది, నా మీద వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా హన్మాండ్లు మీద వచ్చింది. ఈ మనిషి మైదానంలో ఒక్కణ్ణీ పోనివ్వడు, బయట అన్నీ పోనిస్తాడు.

హబీబుల్లా పది రోజుల్లో వెళ్ళిపోయాడు. క్లబ్బు వాళ్ళు కొత్త ప్యాడ్లు ఇస్తారు కాబట్టి పాతవి టీముకు వదిలేశాడు. మేము అప్పటికే ఫైనల్‌కు చేరాం, కీపర్ లేడు. బంతి ముందు నిలబడడానికి ఎవడూ ఒప్పుకోలేదు. నేను నిలబడతానన్నాను. గదంతా నోరు వెళ్ళబెట్టింది.

ఫైనల్ బనియాస్‌లో ఉండే పైపుల కంపెనీ టీముతో. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ లాహోరులో పెద్ద టీములకు ఆడినవాడు. ఫిబ్రవరి నడిమి శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు. వెంకట్రాములు సారు ముఖ్య అతిథి. గొడుగు కింద కుర్చీ, చేతిలో ఆరెంజ్ జ్యూసు.

నేను ప్యాడ్లు కట్టుకున్నాను. తరవాత కళ్ళద్దాలు తీసి, తువ్వాలులో చుట్టి, గోలు వెనక పెట్టాను. విరుగుతాయని చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. నాకు అప్పుడే బుద్ధి పుట్టింది. అద్దాలు లేకపోతే పదడుగుల అవతల మనిషి నాకు మొద్దులాగా కనిపిస్తాడు. బంతి అసలు కనిపించదు.

హన్మాండ్లు దగ్గరికొచ్చాడు. "అద్దాలేవి లింగన్నా?"

"తీసిన."

"మరి కనవడ్తదా?"

"నువ్వు కనవడ్తున్నవ్. సాలు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. అర్థమైందనుకుంటాను. "సరే. బాల్ కోసం ఎతుకకు. నా ఈపు చూస్కుంట నిలవడు," అని తన చోటికి నడిచిపోయాడు.

ఆ డెబ్బై నిమిషాలు నేను చూసింది ఆయన వీపునే. నీలం చొక్కా, మధ్యలో చెమట మరక. అది ఎడమకు జరిగితే బంతి ఎడమ నుంచి వస్తోందని అర్థం. ముందుకు వంగితే, టక్. చప్పుళ్ళు విన్నాను. కేకలు విన్నాను. లాహోరు మనిషి బూట్ల చప్పుడు ఐదారుసార్లు నా మీదికి రావడం, వచ్చి ఆగిపోవడం విన్నాను. బూతులు కూడా విన్నాను. నాలుగు పెనాల్టీ కార్నర్లు వచ్చాయి. ప్రతిసారీ బంతిని వాళ్ళు ఆపి కొట్టేలోపే ఆ నీలం చొక్కా నా ముందు నుంచి బాణంలా దూసుకుపోయింది. ఆ మనిషి పరుగెత్తగలడని అప్పుడు తెలిసింది. అవసరమైనంతే పరుగెత్తుతాడు. మూడో కార్నర్‌కు బంతి ఆయన మోకాలి కింద తగిలింది. ఆ చప్పుడు వేరే. ఆయన కుంటుతూ వచ్చి మళ్ళీ తన చోట నిలబడ్డాడు.

ఒకటి-సున్నాతో గెలిచాం. గోల్ మాణిక్యం కొట్టాడు. జనం వాణ్ణి ఎత్తుకున్నారు.

సారు నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని ఊపారు. "శభాష్. ఈ క్యాంపుల గోల్‌కీపర్లు ఏం తిని పెరుగుతున్నరయ్యా? నీ పేరు సుత రాస్కుంట."

నేను చెయ్యి విడిపించుకుని, గోలు వెనక్కి వెళ్ళి తువ్వాలు విప్పి, అద్దాలు పెట్టుకున్నాను. అప్పుడు గానీ సారు ముఖం నాకు స్పష్టంగా కనిపించలేదు.

"సార్, నాకు ఇప్పటిదాంక మీరే కనవడలే," అన్నాను. "అద్దాలు తీసి నిలవడ్డ. ఆట మొత్తం ఒక్క బాల్ చూడలే. ప్యాడ్ మీద ఇయ్యాల పడ్డది ఒక్కటే మచ్చ, అది మనోడు ఎనకకు ఇచ్చిన పాసు. ఇప్పుడు చెప్పుండ్రి, గోల్‌కీపర్ ఎవరు?"

సారుకు తల కొట్టేసినట్టయింది. అయినా పెద్దమనిషి కదా, ఒప్పుకోవడం కష్టం. "లాహోరు పోరడు ఇయ్యాల ఫామ్‌ల లేడు," అన్నారు. "ఒక్క మ్యాచి చూసి తరానికొక్కడని ఎట్ల అంటరు? ఎవరిని ఆపిండో చూడాలె."

నాకు ఏడుపు వచ్చింది. ఎవరిని ఆపినా ఆ ఆగినవాడు ఆ రోజుకు పనికిమాలినవాడైపోతాడు. ఇక ఈ మనిషి ఎవరిని ఆపితే ఒప్పుకుంటారు?

జవాబు మాణిక్యం దగ్గర్నుంచి వచ్చింది. భుజాల మీద నుంచి దిగి, కప్పు పక్కన పెట్టాడు.

"సారూ, నేను ఎట్లాంటోన్ని?"

"నువ్వా? ఈ లీగ్‌ల నీయంత ఫార్వర్డ్ లేడు."

"ఈ సీజన్ల ఇరవై రెండు గోల్స్ కొట్టిన. ప్రాక్టీసుల రెండేండ్ల నుంచి దినాం ఈయన మీదికే పోతున్న." చెప్పడం అతనికి ఎంత కష్టమైందో మెడ నరాలు చూస్తే తెలిసింది. "ఒక్కటంటె ఒక్కటి పడలే. ఎవ్వలకు చెప్పలే నేను. సిగ్గయింది."

సారు జేబులోంచి డైరీ తీశారు.

"ఏం పేరన్నవ్ ఆయనది?"

చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. రాసుకున్నారు. "ఈ యేడు వీసా అయిపోయింది. వచ్చే సీజన్‌కు తప్పకుండ చూద్దాం," అన్నారు.

వచ్చే సీజన్. ఆయనకు మార్చి దాటితే సీజనే లేదని చెప్పాను. సారు అప్పటికే కారు వైపు తిరిగారు. మనిషిని పోల్చుకోవడానికి మనకు ఎంత కాలమైనా పడుతుంది, వాడికి మాత్రం టికెట్టు తేదీ ముందే వేసి ఉంటుంది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

హన్మాండ్లు కోసం చూస్తే లేడు. గదికి పోయాడు. ఆ రోజు మాణిక్యం వంతు. అంటే ఆయన వంతు. మేము వెళ్ళేసరికి వాచిన కాలు బకెట్టు మీద పెట్టుకుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మాణిక్యం ఆయన చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. ఆ కూరలో ఉప్పు ఎక్కువైంది, కారం తక్కువైంది. ఎనిమిదిమందీ తిన్నారు. పెద్దముక్క ఎవరి పళ్ళెంలో పడిందో చెప్పనక్కర లేదు. ఆనవాయితీ ఆ రోజుతో పోయింది.

మార్చి ఇరవై ఆరున హన్మాండ్లు విమానం దుబాయ్ నుంచి. సాగనంపడానికి కంపెనీ పికప్‌లో నేనూ వెళ్ళాను. విమానానికి ఇంకా నాలుగు గంటలుంది. డ్రైవర్‌ను బతిమాలి క్లబ్బు వైపు తిప్పించాను.

హబీబుల్లా ప్రాక్టీసులో ఉన్నాడు. మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చి హన్మాండ్లును వాటేసుకున్నాడు. దగ్గు తగ్గింది, మనిషి తెల్లబడ్డాడు. హన్మాండ్లు గ్రౌండు అంచున ఆగి చెప్పులు విడిచాడు. గడ్డి మీద కాలు పెట్టి, వేళ్ళు ముడిచి, విప్పి, తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి ఫుల్‌బ్యాక్ నిలబడే చోట నిలబడ్డాడు. కొత్త ప్యాంటు, కొత్త చొక్కా, చేతిలో పాస్‌పోర్టు కవరు. అక్కడి ఆటగాళ్ళు ఎవడీ మనిషి అన్నట్టు చూశారు. ఆయన ఎడమకు రెండడుగులు వేశాడు, వెనక్కి ఒకడుగు వేశాడు. అంతే. తిరిగొచ్చి చెప్పులు వేసుకున్నాడు.

"మెత్తగున్నది," అన్నాడు. "బాల్ ఇంకింత నిదానంగ వస్తది. సులువు."

అప్పుడు ఆయన చూపు హబీబుల్లా కాళ్ళ మీద పడింది. నా చూపూ పడింది. క్లబ్బు వాళ్ళిచ్చిన ఖరీదైన తెల్ల ప్యాడ్లు. మోకాళ్ళ నుంచి పాదాల దాకా పచ్చటి మచ్చలు, ఒకదాని మీద ఒకటి, లెక్కపెట్టడానికి చోటు లేదు. హబీబుల్లా సిగ్గుపడి ఒక కాలు వెనక ఇంకో కాలు దాచుకోబోయాడు.

"వారం వారం రంగేస్తున్న భాయ్," అన్నాడు. "ఆగుతలేదు."

నేను అరవాలనుకున్నాను. వెంకట్రాములు సారును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఆ ప్యాడ్ల ముందు నిలబెట్టాలనుకున్నాను. హన్మాండ్లు మాత్రం వంగి, మోకాలి మీద కూర్చుని, ఆ మచ్చలను వేలితో తడుముతూ చూశాడు.

"ఎడమ కాలికే శాన తగిలినయి మియా. మీ ఎడమ బ్యాక్ ముందుకు ఉరుకుతుండు. ఉరకొద్దని చెప్పు. రెండడుగులు ఎనకకు నిలవడుమను," అన్నాడు.

తరవాత లేచి, మోకాలికి అంటిన గడ్డి దులుపుకోకుండానే పికప్ ఎక్కాడు.